పోలో దించుతావా తమ్ముడూ? ముందు షాక్ అబ్జార్బర్ల సంగతి చూడు

ప్రశ్న: అన్నా, మాది విజయనగరం, దాసన్నపేట. ఈ మధ్యే 2016 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. 82 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంజిన్ సూపర్. కానీ ఘాట్ రోడ్డులో మలుపు తిప్పితే బండి ఒరిగిపోతోంది, గతుకు తగిలితే వెనక భాగం ఎగురుతోంది. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య నాలుగు వేళ్లు పడతాయి, చూడ్డానికి అస్సలు బాలేదు. రోజూ పైడిభీమవరం డ్యూటీకి వెళ్తాను. నెలకోసారి అమ్మని తీసుకుని చీపురుపల్లి అవతల మా ఊరు, కుదిరిన ఆదివారం ఫ్రెండ్స్‌తో అరకు. అమ్మకి నడుం నొప్పి, ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. విశాఖలో ఒక షాపువాళ్లు బండిని కిందికి దించే లోయరింగ్ స్ప్రింగులైతే 18 వేలు, ఎత్తు మార్చుకునే కాయిలోవర్లైతే 45 వేలు అన్నారు. నేను 60 వేల వరకు పెట్టగలను. ఏది వేయించమంటావు? ఎంత దించొచ్చు? ఆర్టీవో వాళ్లతో టెన్షన్ ఏమైనా ఉంటుందా?

సమాధానం: తమ్ముడూ, సూటిగా చెప్పేస్తాను, ఎందుకో తర్వాత మాట్లాడుకుందాం. నీ 60 వేలలో మొదటి ఖర్చు షాక్ అబ్జార్బర్లకీ, వాటి పై మౌంటింగులకీ, అరిగిపోయిన రబ్బరు బుష్‌లకీ. దించడం ఆ తర్వాతి మాట, అదీ 25 మిల్లీమీటర్లు దాటకుండా, స్ప్రింగులతోనే. ఆ 45 వేల కాయిలోవర్ల జోలికి మాత్రం పోకు.

నువ్వు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. మలుపులో ఒరగడం ఒకటి, గతుకులో వెనక ఎగరడం ఇంకొకటి. ఒరగడం కొంతవరకు ఆ కారు స్వభావం. మన దేశంలో అమ్మిన పోలోని ఇక్కడి రోడ్ల కోసం యూరప్ కారు కంటే కాస్త పైకి లేపే అమ్మారు, నేల నుంచి సుమారు 165 మిల్లీమీటర్ల ఎత్తు. ఎగరడం మాత్రం స్వభావం కాదు, అరుగుదల. బరువు మోసేది స్ప్రింగు. అది నొక్కుకుని మళ్లీ పైకి లేచేటప్పుడు ఆ ఊపును చంపేది షాక్ అబ్జార్బర్. లోపలి ఆయిలు, వాల్వులు బలహీనపడితే గతుకు దాటిన చక్రం రోడ్డు మీద ఆనకుండా తన్నుకుంటూనే ఉంటుంది. ఇన్నేళ్లు, 82 వేల కిలోమీటర్లు నడిచిన బండిలో అసలు షాక్స్ ఇంకా అవే ఉంటే వాటి పని దాదాపు అయిపోయినట్టే.

దీన్ని పరీక్షించడానికి షాపు దాకా వెళ్లక్కర్లేదు. చల్లబడిన టైరు మీద అరచేయి పెట్టి చుట్టూ మెల్లగా నిమిరి చూడు. అలలు అలలుగా ఎత్తుపల్లాలు చేతికి తగిలితే ఆ మూల షాక్ అబ్జార్బర్ పోయి ఉండొచ్చు. బండి లిఫ్ట్ ఎక్కించినప్పుడు షాక్ గొట్టం చూడు. సన్నటి నూనె తడి ఉంటే పర్వాలేదు, దుమ్ము పేరుకుని నల్లటి జిగురు కారి ఉంటే మార్చాల్సిందే. తర్వాత ఇంజిన్ ఆన్‌లో పెట్టి, బండి నిలబడి ఉండగా ఎవరినైనా స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పమని, నువ్వు ముందు స్ప్రింగు మీద చెయ్యి వెయ్యి. స్ప్రింగు పట్టేసినట్టు ఆగి, ఒక్కసారిగా ‘టంగ్’మని వదిలితే పై మౌంటింగ్ బేరింగ్ పోయింది. చిన్న చిన్న గతుకుల మీద ‘కటకట’ అంటే లింక్ రాడ్లు (ఒరుగుడు తగ్గించే కడ్డీని స్ట్రట్‌కి కలిపేవి). బ్రేకు వేసినప్పుడు ‘టక్’ అంటే చక్రాన్ని కింద నుంచి పట్టుకునే లోయర్ ఆర్మ్ బుష్‌లు. డిక్కీ మీద చేతులతో నొక్కి ‘ఒక్కసారే ఊగింది, షాక్స్ బాగున్నాయి’ అనే వాళ్ల మాట నమ్మకు. బాగా పాడైన షాక్స్ మాత్రమే ఆ పరీక్షకు దొరుకుతాయి, సగం పోయినవి దొరకవు.

ఇంకొకటి కూడా చూడు. స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు ఇరికించి ఉన్నాయేమో. స్పీడ్ బ్రేకర్లకి కింద తగలకుండా మన దగ్గర చాలామంది వేయించుకునేవే. పాత ఓనరు వేయించి ఉంటే నీ నాలుగు వేళ్ల ఖాళీలో ఒక వేలు దానిదే కావొచ్చు! వాటిని తీసేస్తే పైసా ఖర్చు లేకుండా బండి కాస్త దిగుతుంది, స్ప్రింగు కూడా తన సహజమైన తీరులో పనిచేస్తుంది.

ఇప్పుడు 18 వేల స్ప్రింగుల మాట. పాత షాక్స్ మీద కొత్త లోయరింగ్ స్ప్రింగులు వేయించడం కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. లోయరింగ్ స్ప్రింగు పొట్టిగా ఉంటుంది, గట్టిగా ఉంటుంది. గట్టి స్ప్రింగు తిరిగి లేచేటప్పుడు ఎక్కువ బలంతో తంతుంది. ఉన్న ఊపునే ఆపలేని షాక్ అబ్జార్బర్ దాన్నేం ఆపుతుంది? పైగా బండి దిగింది కాబట్టి షాక్ రాడ్ ఎప్పుడూ కొంత లోపలికి దూరే ఉంటుంది. కిందికి వెళ్లడానికి మిగిలిన జాగా తక్కువ. ఆ జాగా అయిపోతే బంప్ స్టాప్ అనే ఫోమ్ ముక్క మీద బండి కూర్చుంటుంది. అక్కడితో స్ప్రింగు పని దాదాపు అయిపోయినట్టే, సస్పెన్షన్ ఒక్కసారిగా రాయిలా బిగుసుకుంటుంది.

ఇది సిటీలో కుదుపుగా మాత్రమే తెలుస్తుంది. అనంతగిరి ఘాట్‌లో వేరేగా తెలుస్తుంది. ఎస్.కోట దాటి పైకి ఎక్కేటప్పుడు కుడి వైపు మలుపు తిప్పుతున్నావనుకో. బరువంతా ఎడమ ముందు చక్రం మీద ఉంటుంది, స్ప్రింగు అప్పటికే నొక్కుకుని ఉంటుంది. అదే క్షణంలో వాన నీటికి తారు లేచిపోయిన చోట చక్రం పడితే స్ప్రింగు వెళ్లాల్సిన మిగతా దూరం లేదు, బంప్ స్టాప్‌కి కొట్టుకుంటుంది, ఆ టైరు పట్టు జారుతుంది. స్టీరింగ్ తిప్పే ఉంది, బండి మాత్రం నేరుగా పోతుంది. దించిన బండి ‘టైట్‌గా ఉంది, భలే హ్యాండ్లింగ్’ అని ఫ్రెండ్స్ అంటుంటారే, అందులో సగం సార్లు అది బంప్ స్టాప్ మీద కూర్చున్న బండి.

దించినకొద్దీ ఒరగడం తగ్గుతుందన్నది కూడా పూర్తి నిజం కాదు. పోలోలో ముందు ఉన్నది మెక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఒకే స్తంభంలా ఉండే ఏర్పాటు. మామూలు ఎత్తులో లోయర్ ఆర్మ్ దాదాపు అడ్డంగానో, చక్రం వైపు కాస్త కిందికి వాలో ఉంటుంది. బాగా దించితే అది చక్రం వైపు పైకి లేస్తుంది. అప్పుడు బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో, ఆ రోల్ సెంటరు బండి బరువు కేంద్రం కంటే వేగంగా కిందికి పోతుంది. రెండింటి మధ్య దూరం పెరిగి, ఒరగడానికి ఇంకా అనువవుతుంది. అందుకే 50 మిల్లీమీటర్లు దించిన బండిని నిటారుగా నిలబెట్టడానికి రాయి లాంటి స్ప్రింగులు వేయాల్సి వస్తుంది. ఆ గట్టిదనం నీకు ఘాట్‌లో ఓ గంట సరదా, అమ్మకి చీపురుపల్లి దారంతా నరకం.

ఎంత దించొచ్చు అన్నావు కాబట్టి స్పీడ్ బ్రేకర్ల లెక్క చూద్దాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి హంప్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటేలా. పోలో చక్రాల మధ్య దూరం రెండున్నర మీటర్లకు కాస్త తక్కువ. కాబట్టి అలాంటి హంప్ మీదికి రెండు జతల చక్రాలూ ఎక్కినప్పుడు మధ్యలో కడుపు కిందికి పొడుచుకొచ్చేది నాలుగున్నర సెంటీమీటర్లు మాత్రమే. కాస్త దించిన బండి కూడా దాటేస్తుంది. కానీ చీపురుపల్లి దాటి లోపలికి తిరిగాక ఊళ్లలో ఉన్నవి ఆ లెక్కవా? లారీలు ఆపడానికి ఊరివాళ్లు రాత్రికి రాత్రి పోసిన కాంక్రీటు కట్టలు అవి. రెండడుగుల వెడల్పు కూడా ఉండదు, జానెడు ఎత్తుంటుంది. అంత సన్నటి కట్ట ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్యకి వచ్చేసరికి దాని పూర్తి ఎత్తు కడుపు కింద నిలబడుతుంది. కట్ట 15 సెంటీమీటర్లు ఉంటే 165 మిల్లీమీటర్ల బండి అంగుళం లోపు తేడాతో బయటపడుతుంది, అదీ ఖాళీగా ఉంటే. అమ్మ, పాప, మీ ఆవిడ, వెనక డిక్కీలో బియ్యం బస్తా ఉంటే ఇప్పుడే తగులుతోందేమో గుర్తు చేసుకో. ఇక 40 మిల్లీమీటర్లు దించితే ప్రతి కట్ట దగ్గరా అందరినీ దింపి నడిపించాల్సిందే. కోతల కాలంలో రోడ్డు సగం వడ్లు ఆరబోసి, చుట్టూ కాపలాగా రాళ్లు పేరుస్తారు. ఎదురుగా ట్రాక్టరు వస్తే నీ చక్రాలు ఆ రాళ్ల మీదుగానే పోవాలి.

నా మాటే కాదు, నీ దారిని కూడా అడుగు. 25 మిల్లీమీటర్ల మందం ఉన్న థర్మకోల్ ముక్క తీసుకో. బండి అడుగున అన్నిటికన్నా కిందికి ఉన్న చోట, ఇంజిన్ కింది గార్డుకి గట్టి టేపుతో అంటించు. సైలెన్సర్ పైపుకి దూరంగా ఉండాలి, వేడికి కరిగిపోతుంది. దాంతోనే డ్యూటీకి వెళ్లు, అమ్మని ఎక్కించుకుని ఊరికి వెళ్లిరా, ఇంటి ముందు కాలువ మీది ర్యాంపు ఎక్కించు. తిరిగొచ్చాక ముక్క ఊడిపోయిందా, గీసుకుపోయిందా, అలాగే ఉందా చూడు. ఊడిపోతే దించే ఆలోచన మానెయ్. ఒకటి రెండు గీతలు పడితే ఏ కట్ట దగ్గర పడ్డాయో నీకే తెలుస్తుంది, అక్కడ ఏటవాలుగా ఎక్కించి దాటగలవో లేదో తేల్చుకో. రోజువారీ దారి నాకు బెంగ లేదు. డెంకాడ మీదుగా నాతవలస, అక్కడి నుంచి 16వ నంబరు జాతీయ రహదారి. దానికి కొద్దిగా దించిన బండి హాయిగా ఉంటుంది. తేడా అంతా ఊరి దారిలోనే.

కాయిలోవర్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నీ మనసు అటే లాగుతోందని ఉత్తరంలోనే కనిపిస్తోంది. షాక్ అబ్జార్బర్ గొట్టం మీద మరలు ఉండి, స్ప్రింగు కూర్చునే పళ్లేన్ని పైకీ కిందికీ తిప్పుకునే ఏర్పాటు అది. పోలో వెనక వైపు స్ప్రింగు, షాక్ వేరువేరుగా ఉంటాయి కాబట్టి అక్కడ నిజానికి కాయిలోవర్ ఉండదు, స్ప్రింగు కింద తిప్పే పళ్లెం మాత్రమే వస్తుంది. మంచి సెట్‌లో స్ప్రింగుకి తగిన షాక్ అబ్జార్బర్ కంపెనీయే జోడించి ఇస్తుంది. అసలు లాభం అది. ఎత్తు మార్చుకోవడం కాదు. ఎత్తు మార్చే సౌకర్యం రేసు బండిలో నాలుగు మూలల బరువు సరిచూడ్డానికి పనికొస్తుంది. మనవాళ్లు మొదటి వారం నాలుగుసార్లు తిప్పి, ఆ తర్వాత మరిచిపోతారు. మద్రాస్ సర్క్యూట్‌లో ట్రాక్ డేలకి వెళ్లేవాడికైతే నేనే కాయిలోవర్లు కొనమంటాను. నీకు దగ్గర్లో ట్రాక్ లేదు.

మంచి సెట్‌కి లక్ష దగ్గర పెట్టాలి. 45 వేలకి వచ్చేదాంట్లో ఎక్కడ పొదుపు చేస్తారంటే షాక్ లోపలి వాల్వుల్లోనే, అది నీకు కనపడదు. ఒక నాబు పెట్టి ‘30 క్లిక్కులు’ అంటారు. 1 మీద ఉన్నా 30 మీద ఉన్నా గతుకు కుదుపు ఒకేలా ఉంటే ఆ నాబు దేనికి? కొన్ని సెట్లలో పై మౌంటింగ్‌లో రబ్బరు బదులు ఇనప గుండు బేరింగ్ ఉంటుంది. రేసుకి మంచిది, మన దుమ్ముకి తొందరగా వదులై రోజంతా కటకటమంటుంది. ఇక మనది సముద్రానికి దగ్గర. తుప్పు సంగతి నీకు చెప్పక్కర్లేదు. మరల్లో బురద, ఉప్పుగాలి చేరి ఏడాది తిరిగేసరికి పళ్లెం కదలకుండా పట్టేస్తుంది. ఏటా విప్పి బ్రష్‌తో కడిగి గ్రీజు రాసే ఓపిక ఉన్నవాడికే అవి.

కాబట్టి ఇలా చెయ్. థర్మకోల్ పరీక్ష ముందు, కొనుగోలు తర్వాత. ఎందుకంటే కొనే షాక్ అబ్జార్బర్ దాని మీదే ఆధారపడి ఉంటుంది. దించకూడదని తేలితే కంపెనీ షాక్స్ గానీ, సాక్స్, బిల్‌స్టీన్ బీ4 లాంటి వాటితో సమానమైనవి గానీ వేయించు. నీ బడ్జెట్‌లో మౌంటింగులు, లింక్ రాడ్లు, ఆర్మ్ బుష్‌లు అన్నీ కలుపుకుని పని అయిపోవచ్చు. దించాలని తేలితే పొట్టి స్ప్రింగుల కోసమే చేసిన బీ8 లాంటి షాక్స్, వాటి మీద ఐబాక్ ప్రో-కిట్, హెచ్ అండ్ ఆర్ లాంటి పేరున్న స్ప్రింగులు. స్ప్రింగు ప్రోగ్రెసివ్ రకం తీసుకో. మొదట మెత్తగా ఉండి, నొక్కుకున్నకొద్దీ గట్టిపడుతుంది. అమ్మ నడుముకి అదే మేలు. ఈ జోడీకి 60 వేలు దాటొచ్చు. దాటితే దించడం వాయిదా వెయ్ గానీ, షాక్స్‌లో చవక రకానికి దిగకు.

స్ప్రింగుల పెట్టె మీద అంకె చూసి మోసపోకు. ‘30 మిల్లీమీటర్లు’ అని ఉంటే అది యూరప్ కారు ఎత్తు నుంచి వేసిన లెక్క. మనది అసలే లేపి అమ్మిన బండి కాబట్టి అంతకంటే ఎక్కువ దిగొచ్చు. ఇండియా పోలోకి వేసి కొలిచిన అంకె ఎంతని షాపువాణ్ని అడుగు. నువ్వూ కొలువు. నేల నుంచి కాదు, చక్రం మధ్య బిందువు నుంచి మడ్‌గార్డు అంచు దాకా, నాలుగు చక్రాలకీ, పనికి ముందూ తర్వాతా. నేల నుంచి కొలిస్తే టైర్లలో గాలి తేడా కూడా లెక్కలో కలిసిపోతుంది. స్ప్రింగులు కోసేసి దించుతామనే వాళ్ల షెడ్డు గడప కూడా తొక్కకు. కోసిన స్ప్రింగు, చక్రం గాల్లో వేలాడినప్పుడు సీటులోంచి జారిపోగలదు.

పని జరిగేటప్పుడు దగ్గరుండి రెండు విషయాలు చూడు. ఒకటి, లోయర్ ఆర్మ్, వెనక చక్రాలను కలిపే బీమ్ బుష్‌ల బోల్టులు చివరి బిగింపు ఎప్పుడు వేస్తున్నారని. బండి జాకీ మీద ఉండి చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు మెలి తిరిగిపోతుంది. రోజంతా ఆ మెలికలోనే ఉండి కొద్ది నెలల్లో చిట్లుతుంది. బరువు చక్రాల మీద ఉండగానే బిగించాలి. అలా బిగించని షెడ్లే ఎక్కువ, అందుకే చెబుతున్నాను. రెండు, ఈ కారులో సస్పెన్షన్ బోల్టులు కొన్ని బిగింపులో సాగే రకం, ఒకసారి విప్పితే కొత్తవి వేయాలి. బోల్టుల డబ్బు మిగుల్చుకోవద్దని ముందే చెప్పు.

తర్వాత ఓ 500 కిలోమీటర్లు నడిపితే స్ప్రింగులు కుదురుకుంటాయి. అప్పుడు అలైన్‌మెంట్. ఈ బండికి ముందు చక్రాల టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సర్దుతారు, క్యాంబర్‌కి (చక్రం పైభాగం వాలే కోణం) పెద్దగా వీలుండదు, వెనక బీమ్‌కి సర్దడమే లేదు. అందుకే మరీ దించితే టైరు లోపలి అంచు తినేయడాన్ని ఏ అలైన్‌మెంటూ ఆపలేదు. హెడ్‌లైట్ల ఎత్తు కూడా సరిచేయించు. అన్నట్టు టైర్ల వయసు చూశావా? పక్క గోడ మీద కోడ్ చివర నాలుగంకెలు ఉంటాయి. 2318 అంటే 2018లో 23వ వారం తయారైంది. అలాంటివే ఉంటే అన్నిటికంటే ముందు టైర్లు మార్చు, మలుపుల్లో పట్టు సగం అక్కడే తిరిగొస్తుంది. నీ బండిది ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్సు, రిపేరు వస్తే చేతి చమురు బాగానే వదులుతుంది. 60 వేలూ సస్పెన్షన్‌కే ఊడ్చేయకు.

ఇక ఆర్టీవో సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణలో చేరిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకి ఓనరుకి 5 వేల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. బండి ఎత్తును ఆర్సీలో రాయరు, నిజమే. ఆ ధీమాతో నేలకి ఆనేలా దించితే ఆపినవాడితో వాదన పెట్టుకోవాల్సింది నువ్వే. నాకు ఎక్కువ బెంగ ఇన్సూరెన్స్ గురించి. దించాక యాక్సిడెంట్ జరిగితే, చెప్పకుండా మార్చావని క్లెయిమ్‌కి మెలిక పెట్టొచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్‌లో రాసి తెలియజెయ్, వాళ్ల జవాబు దాచుకో. అరిగిన షాక్స్ పోతే పోయాయి, కంపెనీ స్ప్రింగులు మాత్రం షాపులో వదిలేసి రాకు. నూనె రాసి, పాత గోనెలో చుట్టి అటక మీద పెట్టు. రేపు ఈ బండి అమ్మేటప్పుడు కొనేవాడు అడిగే మొదటి వస్తువు అదే.